మా అవ్వ పంపకాలనుకున్న పాట

మా చిన్నప్పుడు... ఓ శనివారం మధ్యాహ్నం మా అవ్వ ఎండురొయ్యల చేట పక్కకి నెట్టేసి, కాళ్లకి చెప్పులైనా లేకుండా అయ్యగారింటికి పరుగు తీసింది. "అయ్యగారూ, నా కొడుకులు ఇల్లు పంచుకుంటుండారు! మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి" అని.

నిజానికి ఇంట్లో మేం పంచుకుంటున్నది ఒకే ఒక్క పాట... అదీ నా పాట!

మాది అల్లూరు. ముందు గది పెదనాన్నది, వెనక గది మాది, మధ్యలో అవ్వ మంచం. పొయ్యి మాత్రం అందరికీ ఒక్కటే. ఆ మాట చెప్పుకోవడం అవ్వకి మహా గొప్ప.

నాకప్పుడు పదమూడేళ్లు. క్రిస్మస్ ఆరాధనలో ఒక్కదాన్నే పాడే పాట నాకిచ్చారు మా పాస్టరుగారు... మేం అయ్యగారనే అంటాం. ట్రాక్ మీద పాడాలి. ట్రాక్ అంటే తెలుసుగా... మాటలు లేని ఉత్త మ్యూజిక్. అది మన కోసం ఆగదు. రెండో చరణానికి ముందు పొడుగాటి వేణువు బిట్ ఒకటుంది. అది అయ్యేలోపే నేను అందుకునేదాన్ని. ప్రతిసారీ!

అయ్యగారు మెత్తగానే చెప్పారు. "రేపు ఆదివారం కూడా ఇట్టే పాడితే పాట రూతుకిస్తానమ్మా" అని. రూతుకా! అది నా క్లాసే. గొంతు బాగుంటుంది... ఆ సంగతి దానికీ తెలుసు. నాకు కడుపు మండిపోయింది.

సాధన చేద్దామంటే ట్రాక్ ఉన్నది పెదనాన్న గది కంప్యూటర్లో. పెదనాన్న కొడుకు సునీలన్న డిగ్రీ చదివేవాడు. ఆ ట్రాక్‌ని అన్నే ఇంటర్నెట్లో కొన్నాడు. ఊరికే దొరికేదాన్ని కొంటావేందిరా అని అందరూ నవ్వితే, "వాయించినోళ్లు అన్నం తినొద్దా?" అనేవాడు.

ఆ గదిలో పొద్దస్తమానం పెదనాన్న కోసం వచ్చే రొయ్యల గుంటలవాళ్లు... మేత, నీళ్లు, వైరస్ అంటూ ఒకటే మాటలు. అంతమంది మగవాళ్ల ముందు పాడాలంటే నాకు సిగ్గు.

సరే అని పాటని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చి మా గదిలోని పాత కంప్యూటర్లో పెట్టాను. మోగితేనా! ఈ కంప్యూటర్‌కి అనుమతి లేదట. కొన్నచోట తప్ప ఇంకెక్కడా నోరు విప్పరట దొరగారు.

సునీలన్న కూర్చుని ఆ షరతులన్నీ ఓపిగ్గా చదివాడు. ఒకే ఇంట్లో కంప్యూటర్లయితే కొన్న పాటలు పంచుకోవచ్చట... రెంటినీ వైరుతో కలిపి, రెండోదాంట్లో అన్న పాస్‌వర్డు కొడితే చాలట.

వైరు ఎంత కావాలో చూద్దామని టేపు పట్టుకుని అవ్వ మంచం పక్క గోడ కొలవడం మొదలుపెట్టాం.

"ఇక్కడిదాకా మాది... ఇక్కడినుంచి మీది" అన్నాడు అన్న.

"బిన్నా షేర్ చేసేద్దామన్నా, ఇంక ఎవురి గదిలో వాళ్లుండొచ్చు" అని తొందరపెట్టాను నేను.

మా వైపు రొయ్యల గుంటల్లో ఎవరి వాటాని వాళ్లు షేరు అంటారు. అవ్వకి తెలిసిన షేరు అదొక్కటే. ఇంకేముంది... చేట పక్కకి పోయింది, అవ్వ కదిలింది. మేం చూసుకుంటే కదా!

వెంటిలేటర్‌లోంచి వైరు లాగాం. అన్న పాస్‌వర్డు కొట్టాడు. మా కంప్యూటర్లో ఓ పక్కన అన్న పేరు, దాని కింద పాటల వరస... అందులో నా ట్రాక్! నేనరిచిన అరుపుకి పెరట్లో కోళ్లు చెదిరిపోయాయి. తలుపేసుకుని పాడాను. ఒకటి, రెండు, మూడుసార్లు తప్పాను. నాలుగోసారికి తెలిసింది... వేణువు ఆఖర్న ఒక సాగదీత సాగదీస్తుంది. అదయ్యాక ఒక్క ఊపిరి పీల్చి అప్పుడు అందుకోవాలి.

అప్పుడే తలుపు దభీమని తెరుచుకుంది. ముందు అవ్వ, వెనక అయ్యగారు, ఆ వెనక నాన్న, పెదనాన్న.

"నా మంచం పక్కనే కొలతలేసినారయ్యా! నేనింకా బతికే ఉండా గదా!" అంటూ ఏడుస్తోంది అవ్వ.

నాన్న పెదనాన్న వైపు చూశాడు. "నువ్వేమన్నా అన్నావా అన్నా?"

"నేనెందుకంటారా! నువ్వేమో అనుకుంటి..."

సునీలన్న నవ్వాపుకోలేక వైరు చూపించాడు. "అవ్వా, పాటని షేర్ చేసినాం. ఇల్లు ఒకటైతేనే ఇది షేర్ అవుద్ది. వేరే ఇల్లయితే కుదరదు."

అవ్వ కళ్లు తుడుచుకుంది. "ఇల్లు ఒకటేనని దానికెవురు జెప్పినారు?"

"నేనే చెప్పినా."

"మంచి పని చేసినావు" అంది అవ్వ, అదేదో పెద్ద తీర్పు చెప్పినట్టు.

అయ్యగారు మంచం మీద కూర్చుని, "వచ్చినాం గదా, ఏదీ ఆ పాట విందాం" అన్నారు. ఈ గోలకి గుంటలవాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తప్పించుకుందామని చూశాను. కానీ రూతు మొహం గుర్తొచ్చింది.

పాడాను. మొదటి చరణం అయింది. వేణువు మొదలైంది. నోరు తెరవబోయి ఆగాను... ఇంకా ఆగాను... సాగదీత అయింది, ఊపిరి తీశాను, అందుకున్నాను. సరిగ్గా తాళం మీద పడ్డాను! పెదనాన్న "ఆఁ!" అని తొడ చరిచాడు.

"క్రిస్మస్ నాడు కూడా ఇట్టే ఆగి అందుకో తల్లీ" అన్నారు అయ్యగారు. అంతే... పాట నాదైపోయింది. నేను ఎగిరి గంతేశాను. అవ్వయితే మర్నాడు చర్చిలో ఆడవాళ్లందరికీ ఒకటే చెప్పడం, "మాది ఒకే ఇల్లని కంప్యూటరు గూడా ఒప్పుకునింది" అని.

క్రిస్మస్ నాడు ఎలా పాడానని అడక్కండి, గొప్పలు పోయినట్టుంటుంది... సరే అడిగారు కాబట్టి చెప్తున్నా, అదరగొట్టాను!

మీ ఇంట్లోనూ ఒక్క పాట కోసం అందరూ ఒక గదిలో చేరిన రోజుంటే కింద రాయండి... ఒక్కటి కూడా వదలకుండా చదువుతాను. ఇప్పుడు మా ఇంట్లో అందరికీ కలిపి పాటల యాప్‌ది ఒకే ప్లాన్. ప్రపంచంలో పాటలన్నీ మావే, వైరు అక్కర్లేదు. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి చెవుల్లో పాట వాళ్లది. మొన్న మా అమ్మాయి స్కూల్లో పాడిందట... మొదటి బహుమతి వచ్చిందట. ఇంట్లోనే నెల రోజులు నేర్చుకుందట... మాకెవరికీ వినబడలేదు.