సహం నుంచి సాలిం ఆట దాకా

మాది కడప జిల్లా. ఒమాన్ దేశం సహంలో ఒక ఇంట్లో ఖద్దామాగా చేస్తాన్నా. వంట, చీపురు, పిల్లోళ్లు, అన్నీ నా నెత్తినే. ఆ శుక్రవారం మస్కట్‌కు ఎందుకు పోయినానంటే, నేను సాకిన పిల్లోడు సాలిం ఒమాన్ పెద్ద జట్టులో మొదటిసారి ఫుట్‌బాల్ ఆడబోతాన్నాడు. మూడేండ్ల వయసులో నా సంకకెక్కినాడు వాడు. నా కడుపున పుట్టినోణ్ణి మా అక్క ఒళ్లో పెట్టొచ్చి, వీడికి అన్నం తినిపించినా. అంతమంది జనంలో నన్ను చూసి ఒక్కసారి "లచ్చీ" అని పలికితే చాలు, ఇంకేమీ వద్దనుకున్నా.

మీలో ఎవరైనా పోవాలనుకుంటే పొద్దున ఏడింటి బస్సే ఎక్కండి, తర్వాతదానికి ఎండలో మాడిపోతారు. ఆట టికెట్టు నేను పనిచేసే ఇంటి ఆడపిల్ల ఫోన్‌లోనే తీసిచ్చింది. మా యజమానురాల్ని మామా అంటాం. "శనివారం మధ్యాన్నం వంటకు ఇక్కడుండాల" అనింది మామా. సరేనన్నా. ముందురోజే బక్ష్యాలు చేసి డబ్బాకు పెట్టుకున్నా. చిన్నప్పుడు వాటికోసం నా వెంటపడి తిరిగేవాడు సాలిం.

బస్సులో పక్కవరస సీట్లో మల్లేశం అని నిజామాబాద్ వైపు మనిషి కలిసినాడు. సైట్‌లో సెంట్రింగ్ పనంట. వచ్చే వారం ఊరికి పోవాల, మత్రా బజారులో సామాన్లు కొనను పోతాన్నాడు.

"ఏడికి వోతున్నవ్ అక్కా, గంత పెద్ద డబ్బా వట్టుకొని?"

అడిగినదే పాపం, మొదలుపెట్టినా. సాలిం మస్కట్ ఘుబ్రాలో క్లబ్బు పిల్లోళ్ల జట్టులో చేరింది, మోకాలు వాస్తే నేను ఆముదం కాచి కట్టింది, పదిహేడేండ్లకే క్లబ్బు పెద్దోళ్లతో ఆడింది చెప్పినా. ఆ తర్వాతే సాలిం వాళ్లు పెద్దింటికి మారి, కొత్త పనోళ్లను పెట్టుకోని, నన్ను సహానికి పంపేసినారు. కుర్రోళ్ల జాతీయ జట్టులో వాడు కొట్టిన గోల్స్ టీవీలోనే చూసినా. బర్కా దాటేదాకా నా నోరు మూతపడలేదు.

మల్లేశం నవ్వినాడు. "మేం ఎన్ని బిల్డింగులు కట్టలే అక్కా? కట్టినంక గేటు కాడ మమ్ములనే ఆపుతరు. జర పైలం."

"బిల్డింగూ బిడ్డా ఒకటేనా? గమ్మునుండు" అన్నా. కోపమొచ్చింది నాకు. అజైబాలో డబ్బా పట్టుకోని బస్సు దిగేసినా.

టాక్సీలో ఘుబ్రా పాతింటికి పోయినా. వాడు బంతి కొట్టి కొట్టి సున్నం రాల్చిన ప్రహరీగోడకు కొత్త రంగేసినారు. ఆ గోడ పక్క కుళాయి కాడనే వాడి క్లబ్బు జెర్సీ చేత్తో ఉతికేదాన్ని. మిషన్లో వేస్తే నంబరు ఊడిపోతుందని ఏడ్చేవాడు. మలయాళీ హోటల్లో పరోటా తిని, ఎండ తగ్గేదాకా పార్కులో కూచోని, సాయంత్రం స్టేడియంకు పోయినా.

ఆడోళ్లకూ కుటుంబాలకూ వేరే వరసలుంటాయి. డబ్బా లోపలికి రానీలేదు. గేటు కాడి ఆమె తన కుర్చీ కింద పెట్టుకోని, పోయేటప్పుడు తీసుకోమనింది. సాలింను సగం ఆట అయినాకనే దించినారు. అబ్బ, ఏం పరుగు! వాడు తన్నిన బంతి వలలో పడతానే, నేను లేచి తెలుగులోనే అరిచినా, "వాడు నా బిడ్డ!" అని. పక్కనున్న ఒమానీ ఆమె నవ్వి నీళ్ల సీసా ఇచ్చింది.

ఆట గెలిచినారు. ఆటగాళ్లు బయటికొచ్చే గేటు కాడ ఇంటోళ్లు నిలబడతారు. డబ్బా పట్టుకోని నేనూ నిలబడినా. సాలిం వాళ్లమ్మ నన్ను చూసి తలూపింది. వాడొచ్చినాడు, గడ్డం కూడా వచ్చేసింది. అమ్మ నుదురు ముద్దు పెట్టుకోని, తలెత్తి చూసినాడు.

"లచ్చీ!"

అంతమందిలో పిలిచినాడు! నాకు కండ్లనీళ్లు ఆగలేదు. సంచిలోంచి చెమటకు తడిసిన జెర్సీ తీసి నా చేతుల్లో పెట్టినాడు. మొదటి ఆట జెర్సీ నాకే ఇచ్చినాడని గుండెకు హత్తుకున్నా.

"మిషన్లో వేయొద్దు, చేత్తో ఉతుకు" అన్నాడు అరబ్బీలో, నవ్వుతా. "ఇప్పుడుండే పనామెకు చేతకాదు. మంచిపని చేసినావు వచ్చి. ఇంటినిండా చుట్టాలు, అమ్మకు చెయ్యి సాయం కావాల. వెనక కారెక్కు."

ఎగతాళి కాదబ్బా. ప్రేమగానే అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మండుతాంది.

కారెక్కినా. ఎక్కక ఏం చేస్తా? గిన్నెలన్నీ తోమినా. బక్ష్యాలు బాగున్నాయి, ఎవరు చేసినారని ఒక చుట్టం అడిగితే, "మా పాత ఖద్దామా" అన్నాడు సాలిం, నములుతానే. జెర్సీ ఉతికి ఆరేసినా. నంబరు అంచు కూడా లేవలేదు.

శనివారం పొద్దున నేను బయల్దేరేటప్పటికి వాడింకా నిద్ర లేవలేదు. బస్సులో మళ్లీ మల్లేశం, కాళ్ల నిండా సంచులు.

"గుర్తువట్టిండా అక్కా?"

"పట్టినాడు. పేరు పెట్టి పిలిచినాడు."

"మరి గట్లున్నవేంది?"

నేను కిటికీ వైపు తిరిగినా. ఆయన సంచిలోంచి ఖర్జూరాలు తీసి నా చేతిలో పెట్టినాడు.

పోండి, తప్పకుండా పోండి. స్టేడియం చల్లగా, శుభ్రంగా ఉంటుంది. సాలిం ఆట చూసేదానికి రెండు కండ్లూ చాలవు, ముందుముందు ఇంకా బాగా ఆడతాడు. గొంతు పోయేదాకా అరవండి. ఆట అయిపోతానే మాత్రం బస్సెక్కేయండి. ఆ గేటు కాడ నిలబడద్దండి.