గాజుదిమ్మలో బల్బు

ఈ అక్టోబరు రెండో శనివారం, పగలు పదకొండుంబావు. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి కారులో తీసుకెళ్ళి, నన్నొక మ్యూజియంలో గాజుదిమ్మ ముందు నిలబెట్టారు. జపాను శిల్పి చేసిందట. నాకు అనుమానం వచ్చింది. ఎడమకంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయించుకోమని మా అమ్మాయి నెలరోజులుగా పోరుతోంది. ఉన్నట్టుండి బొమ్మలు చూద్దాం రమ్మంటే, అది నా కళ్ళకి పరీక్ష కాక మరేమిటి?

యాభై దాటాక పలక పట్టి అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. కంట్లో కత్తి పెట్టాక అవి పోతే మళ్ళీ ఎవరిస్తారు? అందుకే కన్ను బాగానే ఉందని బుకాయిస్తూ వచ్చాను.

దిమ్మ బిందెడంత ఉంది. తెల్లటి పీఠం మీద పెట్టారు. దాని నడుమ మంచులో దీపంలాగా ఒక వెలుగు, చుట్టూ రెక్కల్లా కిరణాలు. ముప్పై ఏళ్ళు గాజుల మలారం భుజాన మోసి, వీధివీధీ తిరిగి గాజులు అమ్మాను. టోకు కొట్టువాళ్ళు మాసిన సరుకు వెనక ట్యూబులైటు పెట్టి మెరిపించడం చూశాను. ఏ గాజునైనా వీధిలోకి తెచ్చి ఎండకి పట్టి చూశాకే కొనేదాన్ని. లోపల బల్బు పెట్టారన్నాను.

"స్విచ్ ఎక్కడుందో కూడా మీరే చెప్పండి అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు.

మనవరాలు పక్కనున్న అట్ట చదివి చెప్పింది. కరిగిన గాజుని అచ్చులో పోసి, నెలల తరబడి చల్లార్చి, సానబట్టారట. పైకప్పు అద్దంలోంచి దిగే ఎండ తప్ప వేరే దీపమే లేదట. నేను నమ్మలేదు. మోకాళ్ళు పట్టుకుని వంగి, పీఠం కింద వైరు కోసం వెతికాను. కాపలా మనిషి రెండడుగులు దగ్గరికొచ్చాడు. వైరు కనబడలేదు. దాచడం ఎంత పని?

"అమ్మమ్మా, బల్బ్ ఎక్కడ ఉంది, చూపించు," అంది మనవరాలు.

వేలు పెట్టి చూపించబోతూ, గాజులు ఏరే అలవాటు కొద్దీ ఎడమకన్ను మూశాను. దీపం ఆరిపోయింది. దిమ్మ నీళ్ళలా తేటగా ఉంది. అంచున సన్నటి ఆకుపచ్చ గీత, అడుగున చిన్న మడుగులా నిలిచిన ఎండ. కుడికన్ను మూశాను. మళ్ళీ దీపం, మళ్ళీ రెక్కలు. నాలుగుసార్లు మార్చి చూశాను. చేతిసంచిలోంచి నేను రోజూ చదివే పుస్తకం తీసి, ఆ ఎడమకంటితోనే చూశాను. అక్షరాల మీద పాలు ఒలికినట్టుంది. ఒక్కటీ తెలియలేదు.

"బల్బు నా కంట్లోనే ఉందే," అన్నాను అమ్మాయితో. "డాక్టరు దగ్గరికి వస్తాను. బుక్ చేయి."

అది మొగుడి వైపు చూసింది. "మంగళవారానికి బుక్ చేసి పది రోజులైందమ్మా."

నేను కన్ను దాచాను, వాళ్ళు అపాయింట్‌మెంట్ దాచారు. ఆ గాజు ఏదీ దాచలేదు.

మంగళవారం నాడు ఎవరూ మాట మార్చకుండా, నాతో సహా, రాసి పెడుతున్నాను. ఆ పూట అక్కడున్నది నేను, మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు, ఆ కాపలా మనిషి.