ఉచ్చెంగెప్ప పగడాలకు పేలు

ఉచ్చెంగెప్పకు ఒకటే అలవాటు. వారం వారం కుక్క మందు కొనేవాడు. కుక్క మాత్రం లేదు.

బళ్ళారి గాంధీనగర్‌లో నాది పశువుల మందుల దుకాణం. మొదటిసారి ఆయన పశువుల డాక్టరు చీటీ తెచ్చి కుక్కలకు వేసే పురుగుల మాత్ర అడిగినప్పుడు, బరువెంత అన్నాను. మాత్ర బరువును బట్టే ఇస్తాం మరి. ముప్పై ఏళ్లు గనుల దగ్గర ఖనిజం లారీలు తూచి రిటైరైన మనిషి, తడుముకోకుండా జవాబిచ్చాడు.

"నూట ఇరవై లీటర్లు, కేశవప్పా."

కుక్కను లీటర్లలో కొలిచేవాణ్ణి అప్పుడే చూశాను. చీటీ సరిగ్గా చదివితే, కింద డాక్టరు 'పగడాలకు' అని రాసి, పక్కన తనే ఒక ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు.

సంగతేమిటంటే, ఎండాకాలం తారు కరిగే ఈ ఊళ్లో ఆయన గాజుతొట్టిలో సముద్రం పెంచుతున్నాడు. తొట్టికి నీళ్లు చల్లబరిచే యంత్రం, తనకు టేబుల్ ఫ్యాను. చెన్నై నుంచి పార్సెల్‌లో తెప్పించిన ప్రాణమున్న పగడాలకు, కంటికి ఆనీ ఆనని ఎర్రపేలు పట్టాయి. కుక్కల మాత్ర నూరి నీళ్లలో వేస్తే అవి చస్తాయని పగడాలు పెంచేవాళ్లెవరో ఫోనులో చెప్పారట.

అప్పటినుంచి ప్రతి శనివారం వచ్చి మాత్ర తీసుకుని, గంటసేపు స్టూలు మీద కూర్చునేవాడు. ఊదాది నీరసంగా ఉందనీ, ఆకుపచ్చది ముఖం చాటేసిందనీ చుట్టాల సంగతుల్లా చెప్పేవాడు. భార్య పోయి ఆరేళ్లు, పిల్లల్లేరు. ఆయనకు చెప్పుకోవడానికి వేరే చుట్టాలు లేరని నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, ఆ గంట నాకూ హాయిగానే ఉండేది.

మూడు వారాల్లో పోవాల్సిన పేలు మూడు నెలలైనా పోలేదు. పగడాలు తెల్లబడుతున్నాయి. ఊదాది పోయిందని చెప్పిన రోజు ఆయన టీ కూడా ముట్టలేదు. మిగిలినవీ పోతే ఈ మనిషి ఏమైపోతాడోనని నాకు బెంగ, నా మందు నకిలీదేమోనని గుబులు. ఆదివారం ఆయన ఇంటికి వెళ్లాను.

ఇంట్లో కుర్చీ ఒక్కటే, అదీ తొట్టి ముందు. నాకోసం బియ్యం డబ్బా బోర్లించాడు. అలమరలో చూద్దును కదా, నేనిచ్చిన మాత్రలన్నీ విప్పకుండా ఉన్నాయి.

ఇదేం పని అని నిలదీస్తే, తొట్టిలో ఎర్రచారల రొయ్యను చూపించాడు. ఆ మందు పేలతో పాటు రొయ్యనూ చంపుతుంది. ముందు దాన్ని పట్టి బకెట్లో వేయాలి. చిక్కడం లేదేమో అనుకున్నాను. ఆయన చెయ్యి నీళ్లలో పెట్టాడు. రొయ్య తనంతట తనే వచ్చి చేతి మీదెక్కి, బుద్ధిగా గోళ్లు శుభ్రం చేయసాగింది.

"చేతికే వస్తాండాది కదన్నా. పట్టుకుంటే అయిపోతాది."

"నమ్మి వస్తాండాదప్పా. ఎట్ల పట్టుకునేది? మళ్లీ రాకపోతే?" నావైపు చూడకుండా అన్నాడు. "ఈ ఇంట్లో నన్ను ముట్టుకునేది ఇదొక్కటే."

ప్రతి శనివారం గుండె దిటవు చేసుకుని మాత్ర కొనడం, ఇంటికొచ్చేసరికి ఆ గుండె జారిపోవడం. ఇదీ మూడు నెలల వైద్యం. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను.

"నేను పడతాలే అన్నా. అలిగితే నా మీద అలగనీ."

ఆయన వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాడు. నేను చిన్న వల పట్టుకుని అరగంట సముద్రమంతా గాలించి, చొక్కా నిండా ఉప్పునీళ్లతో రొయ్యను బకెట్లో వేశాను. తొట్టిలో మందు పడిన మూడు వారాలూ దాని కాపురం అక్కడే. ఉచ్చెంగెప్ప రోజూ పక్కన కూర్చుని, ఈ పని చేసింది కేశవప్పేనని దానికి ఓపిగ్గా చెప్పుకున్నాడట.

పేలు పోయాయి. పగడాలకు రంగొచ్చింది. తొట్టిలోకి వదిలిన సాయంత్రమే రొయ్య ఆయన చేతి మీదికెక్కింది.

నేనిప్పుడు ప్రతి ఆదివారం వెళ్తాను. నా నీడ పడితే చాలు, అది రాతి వెనక దాక్కుంటుంది. ఉచ్చెంగెప్ప తొట్టి మీదికి వంగి, "ఆయప్ప మంచోడే, సుమ్నె, ఊరికే భయపడొద్దు" అని సిఫారసు చేస్తాడు. పోయిన ఆదివారం అది రాతి పక్కనుంచి ఒక్క మీసం బయటపెట్టింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.