సరంగుకు దీర్ఘం తగిలించిన పండితులు

నందిగామలో రిటైరైన పంతుళ్లు నలుగురు కలిసి ఈ మధ్య ఒక పుస్తకం వేశారు. మన ప్రాంతంలో పూర్వం పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి. నున్నటి కాగితం, ముందు పేజీల్లో పంతుళ్ల ఫొటోలు నాలుగు. పేరు తెచ్చుకున్నవాళ్ల ఫొటోలు మాత్రం దొరకలేదట. ఆదివారం జగ్గయ్యపేటలో ఆవిష్కరణ సభ అని చెప్పి, నాకో కాపీ ముందే పంపారు. ఎందుకంటే అందులో మా నాన్న ఉన్నాడు. ఎట్లా ఉన్నాడు? "కృష్ణ ఒడ్డున సారంగి వాయిస్తూ ప్రయాణికుల అలసట తీర్చిన విద్వాంసుడు సారంగి సాయిబు" అని ఉన్నాడు.

మా నాన్న జన్మలో సారంగి చూడలేదు. ఈల కూడా సరిగ్గా వేసేవాడు కాదు. ఆయన సరంగు.

జగ్గయ్యపేట నుంచి దిగువకు పోతే కృష్ణ వస్తుంది. అవతలి గట్టు పల్నాడు. మనుషులూ ఎడ్లబండ్లూ, ఆ తర్వాత లారీలూ బల్లకట్టు మీద దాటేవి. రెండు పెద్ద పడవలను పక్కపక్కన బిగించి పైన పలకలు పరిస్తే అదే బల్లకట్టు. రేవును వేలంలో పాడుకున్నవాడు పాటదారు. గెడలు వేసేవాళ్లు వేరు. వెనకాల చుక్కాని పట్టుకుని నిలబడేవాడు సరంగు. ఓడల మీద తిరిగి తిరిగి మన దాకా వచ్చిన పారసీ మాట ఇది; మొదట సేనకు పెద్ద అని అర్థమట. నాకీ సంగతి ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. ఐదో తరగతితో బడి మానేసి లారీ తోలినవాణ్ని. లోడు కోసం ఆగిన ప్రతి ఊళ్లో లైబ్రరీ వెతుక్కుని, నిఘంటువులు తిరగేసి తెలుసుకున్నాను.

మా రేవులో "సరంగు ఏమన్నాడు?" అని అడిగేవాళ్లు. పాటదారు ఏమన్నాడని అడిగినవాణ్ని నేను చూడలేదు. ఇంట్లో పెత్తనం చేసే ఆడమనిషిని కూడా "ఆ ఇంటికి సరంగు ఆవిడే" అనేవాళ్లు. ఊరందరి నోట్లో నానిన మాట అది.

చిల్లకల్లు మీదుగా పోయే బస్సెక్కి నందిగామ వెళ్లాను. ఆ వ్యాసం రాసింది ఆ నలుగురిలో ఒకాయన, తెలుగు లెక్చరరు. పుస్తకాల కట్టలన్నీ ఆయన ముందుగదిలోనే పేర్చి ఉన్నాయి.

"రండి సాయిబు గారూ! మీ నాన్నగారి గురించి నేనే రాశా" అన్నాడు.

"అందుకే వచ్చానండి. ఆయన సారంగి వాయించాడని మీకెవరు చెప్పారు?"

"మాకొచ్చిన కాగితంలో సరంగు అని ఉంది. అచ్చుతప్పేమో అని దిద్దా. సాయిబులు, సంగీతం... సహజంగా కలుస్తాయి కదండీ."

"నేనూ సాయిబునే. నలభై ఏళ్లు లారీ తోలా. నాకు తబలా తగిలించలేదేం మరి?"

ఆయన నవ్వలేదు. పండితుడు కదా, లావుపాటి నిఘంటువు దించాడు. "సారంగమంటే లేడి, ఏనుగు, తుమ్మెద, చాతకపక్షి..." అని చదివాడు. మా నాన్న ఏనుగయ్యే లోపల నేనే పేజీలు వెనక్కి తిప్పి సరంగు అన్న మాట మీద వేలు పెట్టాను. పడవ నడుపువాడు అని ఉంది.

"ఉందండీ" అన్నాడు, అదేదో నేను అచ్చువేయించి తెచ్చినట్టు.

"ఉంటుందండీ. తెరిస్తే."

అక్కడితో ఒప్పుకుంటే పెద్దమనిషి అనేవాణ్ని. ఒప్పుకోలేదు. "పోనిద్దురూ, సారంగి అంటే గౌరవంగానే ఉందిగా. పడవవాడంటే ఏముంది?" అన్నాడు.

ఏముందో చెప్పాను.

ఒక వర్షాకాలం సిమెంటు లోడుతో నేనే ఆ రేవుకు వచ్చాను. కృష్ణ ఎర్రగా పారుతోంది. నా ముందు ఒక ఆఫీసరు జీపు. మా నాన్న తాడు విప్పనన్నాడు.

"నేనెవరో తెలుసా?" అని ఆఫీసరు మీదికొచ్చాడు.

"నాకు తెలుసండి. నీళ్లకే తెలియదు" అన్నాడు మా నాన్న.

పాటదారు బతిమాలాడు. నేను పక్కకు పిలిచి, "నాన్నా, నన్నన్నా దాటించు. ఆలస్యమైతే ఓనరు పన్లోంచి తీసేస్తాడు" అన్నాను.

"ఒడ్డున నువ్వు నా కొడుకువి. బల్లకట్టు ఎక్కితే లోడువి. పోయి కూర్చో."

ఆ రోజు వరద పెరగలేదు. కట్ట తెగలేదు, పడవ మునగలేదు. సాయంత్రానికి అందరూ ఆయన్ని చూసి నవ్వారు, నాతో సహా. ఆయన మర్నాడు పొద్దున నీళ్ల రంగు చూసుకుని, అప్పుడు విప్పాడు తాడు. ఓనరు నన్ను నిజంగానే తీసేశాడు. అందుకు మా నాన్న ఒక్క మాట కూడా సర్దిచెప్పలేదు. సరంగు అంటే అదండీ. నడిపేవాడని మీ నిఘంటువు సగమే చెప్పింది. ఆపగలిగినవాడు కూడా.

లెక్చరరు గడియారం చూశాడు. "ఒక్క దీర్ఘం కోసం ఇంత దూరం వచ్చారా?"

"రెండండీ. సకు దీర్ఘం పెట్టారు, గుకు కొమ్ము తీసి గుడి పెట్టారు. ఆదివారం మొదటి వరసలో కూర్చుంటా. మీరు ఆ పేజీ చదవగానే లేచి, మా నాన్న సారంగి ఎక్కడుందో చూపించమంటా."

దీనికి మాత్రం కదిలాడు. తప్పు రాశామని కాదు, మైకు ముందు పరువు పోతుందని. ఆ సాయంత్రమే సవరణ చీటీలు వేయించాడు. "సారంగి అన్న చోటల్లా సరంగు అని చదువుకోగలరు. సరంగు: బల్లకట్టు కదలాలో ఆగాలో చెప్పేవాడు." రెండో వాక్యం నేను చెబుతుంటే ఆయన రాసుకున్నాడు.

శనివారం మళ్లీ వెళ్లి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, జిగురు సీసా మధ్యలో పెట్టుకుని చీటీలు అంటించాం. ఆయన అంటించినవి వంకరగా ఉన్నాయి. తడి ఆరక ముందే పీకి, నేనే మళ్లీ అంటించాను.