సంసారంలో నొప్పి: ఇష్టం, కాదు, భరిస్తాను

ఆమె అసలు ఉద్యోగం టైపిస్టు. పెద్దాసుపత్రి నేలమాళిగలోని రికార్డు గదిలో పద్దెనిమిదేళ్లు పాత కేసు షీట్లతోనూ ఎలుకలతోనూ కాపురం చేసి, మోకాళ్లు అరిగాక మూడో అంతస్తులోని మానసిక వైద్య విభాగానికి వచ్చింది. అక్కడ కిటికీ ఉంది, ఫ్యాను తిరుగుతుంది, కుర్చీకి నాలుగు కాళ్లూ ఉన్నాయి. వచ్చినవాళ్లను ప్రశ్నలడిగి ఫారాలు నింపడం పని. అందుకే ప్రశ్నలమ్మ అనే పేరు స్థిరపడింది. ఆమెకో దురలవాటుంది. గడిలో టిక్కు పెట్టాక, మనిషి అన్న మాటను అన్నట్టే అంచున పెన్సిలుతో రాస్తుంది. “అది డేటా కాదమ్మా, కబుర్లు” అని ప్రొఫెసరు గారు ఎంత చెప్పినా మానలేదు.

ప్రొఫెసరు గారు ఆ ఏడాది దంపతుల పడగ్గది మీద పరిశోధన తలపెట్టారు. అంశం శాడిజం. విషయం చిన్నదేం కాదు. ఎదుటి మనిషి నొప్పిలో సుఖం వెతికే బుద్ధి గురించి వైద్యులు నూరేళ్లకు పైగా తల బద్దలు కొట్టుకుంటున్నారు. ఇద్దరు పెద్దవాళ్లు ఒప్పుకుని ఆడుకునేది వేరు, ఒకరు వద్దంటున్నా రెండోవారు పెట్టే హింస వేరు అన్న ఒక్క ముక్క తేల్చడానికే వాళ్లకు తలప్రాణం తోకకొచ్చింది. మన దగ్గర ఆ మాట ఏ వైద్యుడి అనుమతీ లేకుండానే ఇంటింటికీ చేరింది. స్టాపులో ఆపని బస్సు డ్రైవరు శాడిస్టు, సెలవివ్వని ఆఫీసరు శాడిస్టు, లెక్కల మాస్టారు సరేసరి.

చిక్కంతా ప్రశ్న దగ్గరే వచ్చింది. పడగ్గది సంగతి అడగాలంటే దానికో మాట కావాలి. ఆసుపత్రి నైతిక కమిటీ మూడుసార్లు సమావేశమైంది. “లైంగిక చర్య” అంటే జనానికి అర్థం కాదన్నారు. “శృంగారం” అంటే పద్యం అప్పజెప్పినట్టుంటుందన్నారు. అందరికీ తెలిసిన మాట ఒకటుంది. అది వినబడగానే కమిటీలోని పెద్దాయన చెవులు మూసుకున్నారు, అంటే ఆయనకూ తెలుసన్నమాట. చివరికి అందరి మర్యాదా కాపాడే మాట ప్రొఫెసరు గారే కనిపెట్టారు: సంసారం.

“సార్, సంసారమంటే కాపురం కూడా కదా,” అంది ప్రశ్నలమ్మ. “గ్యాసు బండ, పిల్లల చదువులు, ఆడపడుచు మాటలు, అన్నీ అందులోకే వస్తాయి.”

“సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారమ్మా.”

ఫారం అచ్చయింది. సంసారంలో నొప్పి మీకు ఇష్టమేనా? ఇష్టం, కాదు, భరిస్తాను. మిమ్మల్ని బాధపెట్టడం మీ భర్తకు సరదాయేనా? సున్నా నుంచి ఐదు వరకు మార్కులు. రెండువందల మంది ఆడవాళ్లను అడగాలి. ప్రతి ఫారం కిందా అడిగినామె సంతకం ఉండాలి.

“నొప్పి లేని సంసారం ఎక్కడుంది తల్లీ, నువ్వు మరీనూ!” అంది కూరగాయలమ్మే ఆమె. “పెళ్లయిన దగ్గర్నుంచీ నడుం నొప్పే,” అంది ఇంకొకామె. తలుపు దగ్గర కాపలా ఉన్న భర్త ఒకడు లోపలికి తొంగిచూసి “నా నొప్పికి ఫారం లేదా?” అనడిగాడు.

ఒక్కామెకు మాత్రం ప్రశ్న సూటిగా అర్థమైంది. ఆమె బట్టలు కుట్టే మనిషి. మెడలోని కొలత టేపు తీసి వేలికి చుట్టుకుంది.

“రాత్రి సంగతేగా అడుగుతున్నారు?”

“అవునమ్మా.”

“ఇష్టమా అని నన్నెవరూ అడగలేదండీ. వద్దంటే ఇంకా ఎక్కువ చేస్తారు. నాచేత వద్దనిపించుకోవడమే ఆయనకి సరదా.” టేపు విప్పింది. “ఏ గడిలో పెడతారో పెట్టండి. ఇష్టమని మాత్రం రాయొద్దు.”

“రాయను,” అంది ప్రశ్నలమ్మ. వేరే గడి లేక “భరిస్తాను” దగ్గర టిక్కు పెట్టింది, అంచున ఆ మాటలన్నీ రాసుకుంది, ఫారం మీద పేరుండదు గనక దాని నంబరు చీటీ మీద వేసి ఆమె చేతికిచ్చింది, కింది అంతస్తులోని లేడీ డాక్టరు దగ్గరికి తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

నెల తిరక్కుండా ప్రొఫెసరు గారు పట్టిక తయారుచేశారు. మూడు గడులు చూడ్డానికి బాగాలేవని “భరిస్తాను”ను తీసుకెళ్లి “ఇష్టం”లో కలిపేశారు. నూటికి ఎనభైమంది స్త్రీలు నొప్పిని ఇష్టపడుతున్నారని తేలింది.

“సార్, భరించడమంటే ఇష్టపడటం కాదు. ఈ ఫారాల కింద నేను సంతకం పెట్టలేను.”

“సోమవారం మీటింగు లోపల పెట్టండమ్మా. లేకపోతే రికార్డు గది ఖాళీగానే ఉంది. మెట్లు జాగ్రత్త.”

శుక్రవారానికి రెండువందలకు ఇంకా ఒక్క ఫారం తక్కువగా ఉంది. ప్రొఫెసరు గారు ఇంట్లో మర్చిపోయిన కళ్లజోడు పట్టుకుని వాళ్లావిడ వచ్చింది. ఆయన క్లాసులో ఉన్నారు. “ఏం ప్రశ్నలండీ అవి? నన్నూ అడగండి,” అంటూ కుర్చీ లాక్కుంది.

“మేడం, ఇవి…”

“పేరు రాయక్కర్లేదుగా? మరింకేం!”

అరగంట చెప్పింది. పెన్సిలు రెండుసార్లు చెక్కాల్సి వచ్చింది.

సోమవారం మీటింగులో ప్రొఫెసరు గారు రెండువందలో ఫారం జెండాలా ఎత్తి పట్టుకున్నారు. “అసలు సిసలు కేసు ఇదొక్కటే! భర్తకు ఐదుకి ఐదు!” జీవితంలో మొదటిసారి అంచున ఉన్న పెన్సిలు రాత చదవడం మొదలుపెట్టారు. “‘కూర ఎలా ఉందంటే పదికి నాలుగంటారు.’ చూశారా, అవమానించి ఆనందించడం! ‘నాకు జ్వరమొస్తే మందివ్వరు, జ్వరం చరిత్ర చెప్తారు.’ అద్భుతం! ‘నేనేడిస్తే గడియారం చూసి ఎంతసేపో రాసుకుంటారు.’ ఇలాంటివాణ్ని నేను పుస్తకాల్లోనే చూశాను. ఈ మనిషి నాకు కావాలి, ఎలాగైనా పిలిపించండి!”

హెడ్ నర్సుకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

“‘కళ్లజోడు మర్చిపోయి వెళ్తారు. తెచ్చిస్తే, ఇంతాలస్యమేం అని…’” ప్రొఫెసరు గారి చెయ్యి ముక్కు మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

ఫారాన్ని బోర్లించి బల్ల మీద పెట్టారు. “ప్రశ్నలోనే లోపముంది. సంసారమంటే ఈవిడ… ఈమె ఎవరో… కాపురం అనుకుంది. ఈ ఫారం చెల్లదు, తీసెయ్యండి.”

“అలాగే సార్,” అంది ప్రశ్నలమ్మ. “మిగతా నూట తొంభైతొమ్మిదిలోనూ అదే ప్రశ్న. అవీ తీసెయ్యమంటారా, ఆ భర్తగారి ఐదుకి ఐదూ ఉంచమంటారా?”

నూట అరవైమంది ఆడవాళ్ల మాట తారుమారైతే చలించని శాస్త్రం, ఒక్క మగాయన మార్కుల దగ్గర కళ్లు తెరిచింది. పట్టిక రద్దయింది. ఫారాలన్నీ రికార్డు గదికి పంపారు. పరిపాలనా కారణాల వల్ల ప్రశ్నలమ్మనూ పంపారు.

రెండు నెలల తర్వాత బట్టలు కుట్టే ఆమె మెట్లు వెతుక్కుంటూ నేలమాళిగకి దిగింది.

“పుట్టింటికి వచ్చేశానండీ. కేసు వేస్తున్నాం. ఎప్పుడైనా ఎవరికైనా చెప్పుకున్న కాగితముంటే తెమ్మని లాయరమ్మ అంది. ఆ రోజు మీరు రాశారు కదా? నంబరు డెబ్భైమూడు.”

ప్రశ్నలమ్మ మోకాలు పట్టుకుని లేచి కట్ట విప్పింది. బట్టలు కుట్టే ఆమె ఆ పెన్సిలు రాత రెండుసార్లు చదువుకుంది.

“అన్నట్టే రాశారే!”

“అన్నదే రాశాను.”

“కింద సంతకం లేదేం?”

రెండువందల ఫారాల్లో ఒక్కదాని మీదా పెట్టని సంతకం ప్రశ్నలమ్మ ఆ డెబ్భైమూడో దాని కింద పెట్టింది. పెన్సిలుతో కాదు, పెన్నుతో.