ధర్మ మెచ్చిన డైరెక్టరు

సినిమా చూసొచ్చినవాణ్ణి లోకం అడిగే మొదటి ప్రశ్న, హీరో ఎవరని. పాంగి ధర్మ మాత్రం డైరెక్టరెవరని అడుగుతాడు. అరకు నుంచి అనంతగిరి వైపు దిగే ఘాట్ రోడ్డులో, ఎక్కొచ్చిన బస్సులు కాస్త ఊపిరి పీల్చుకునే మలుపు దగ్గర అతని బండి. కాఫీ, బొంగు చికెన్ అమ్ముతాడు. వెదురుబొంగు నిప్పుల మీద ఉడికేదాకా ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి విశాఖపట్నం కుర్రాళ్ళు సినిమా కబుర్లు ఎత్తుతారు. ఎవడైనా హీరో పేరు చెబితే ధర్మ మొహం ముడుచుకుంటాడు.

"నిలబడమన్న కాడ నిలబడీవోడు హీరో. నిలబెట్టినోడెవుడో సెప్పండి."

వాళ్ళు నవ్వుతారు. అతను నవ్వడు.

అతని మాటలోనూ న్యాయముంది. మన సినిమాల్లో డైరెక్టరు పేరు అన్ని పేర్లూ అయ్యాక ఆఖర్న పడుతుంది. అప్పటికి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూనో, పక్కవాడి కాలు తొక్కుతూనో ఉంటారు. కొండల్లో ఆడవాళ్ళు గొలుసుకట్టి ఆడే దింసా చూసినవాళ్ళకి తెలుసు, గొలుసు కొసనున్న మనిషి ఎటు తిరిగితే అందరి కాళ్ళూ అటే తిరుగుతాయి. చూసేవాళ్ళ కళ్ళు మాత్రం నడుమనున్న అందగత్తె మీదే ఉంటాయి. ధర్మ చూపు చిన్నప్పట్నుంచీ కొసనున్న మనిషి మీదే.

అతను మెచ్చినవాళ్ళు ముగ్గురు. నలుపు తెలుపుల నాటి రామభద్రం: మనుషుల్ని ఊరికే కూర్చోబెట్టి ఏడిపించగలడు. సోమశేఖర్: వాన తీయడంలో అతని తర్వాతే ఎవరైనా. ఈ ఇద్దరినీ తూకానికి ఒక పక్క వేసినా చక్రధర్ పక్కే మొగ్గుతుందని ధర్మ తీర్పు. ఎందుకంటే చక్రధర్ కోయగలడు. నెల్లాళ్ళు తీసిన పాటనైనా కథకి అడ్డొస్తే తీసి పారేస్తాడు. తప్పు కనబడితే నిద్రపట్టనివాడే డైరెక్టరని, మిగిలినవాళ్ళు పెళ్ళి వీడియోలు తీసుకోవచ్చని ధర్మ బండి దగ్గర ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

ఇదంతా అతను పుస్తకాల్లో చదివింది కాదు. పద్దెనిమిదేళ్ళ కిందట చక్రధర్ యూనిట్టు డుంబ్రిగుడ పక్క కొండల్లో నలభై రోజులుంది. ధర్మ అప్పుడు రిఫ్లెక్టరు మోసేవాడు. ఎండని మొహాల మీదికి తిప్పే ఆ వెండి అట్టని పట్టుకుని కెమెరా పక్కనే నిలబడేవాడు. డైరెక్టరు గొణిగిన ప్రతి మాటా చెవిన పడేది. ఏ లెన్సు దేనికో, ఎవరు ఎటు నుంచి రావాలో అన్నీ పట్టేశాడు. ఆ సినిమాకి అసలు పేరొకటుంది కానీ, అతని ఊళ్ళో అందరికీ అది మంచు సినిమాయే.

ఒకనాడు పొద్దున్నే కట్టెల మోపుతో దిగే పిల్ల ఒకతి కావాలన్నాడు చక్రధర్. ధర్మ పరుగున ఇంటికెళ్ళి తన కూతురు రమణిని తీసుకొచ్చాడు. దానికి పదకొండేళ్ళు. నెత్తిన మోపుతో మంచులోంచి రావాలి, కెమెరా వైపు చూడకుండా పోవాలి, అంతే. పిల్లగుంట చక్కగా దిగింది. ఐదో అడుగులో తలెత్తి సూటిగా ఇటు చూసింది. ఇంకోసారి తీద్దామన్నారు. ఈలోగా ఎండొచ్చి మంచు తేలిపోయింది. మర్నాడు యూనిట్టు వెళ్ళిపోవాలి. ఉన్నదాంతోనే సరిపెట్టుకున్నారు.

అది కెమెరాని చూడలేదని అప్పుడు ధర్మ ఒక్కడికే తెలుసు. కెమెరా పక్కనున్న తండ్రిని చూసింది. సరిగ్గా చేస్తున్నానా అని.

సినిమా వచ్చేలోపే, ఆ వానల్లో, రమణికి జ్వరం తలకెక్కింది. డోలీ కట్టి నలుగురు మనుషులు పొంగుతున్న గెడ్డ దాటించి రోడ్డుదాకా మోశారు. జీపు రాకముందే అయిపోయింది. తర్వాత ధర్మ ఒక్కడే విశాఖపట్నం వెళ్ళి సినిమా చూశాడు. ఎనిమిది సెకన్లు. కళ్ళనిండా నీళ్ళు, పెద్ద తెర మీద మొహం అలికిపోయినట్టు కనబడింది. మళ్ళీ ఆటకి ఉందామంటే ఊరికి ఆఖరి బస్సు పోతుందని వచ్చేశాడు.

భార్య గంగ రానంది. దినాలు చేసి పంపేసిన మనిషిని వెనక్కి పిలవకూడదు, పిలిస్తే ఆ జీవం అటూ పోలేక ఇటూ రాలేక గుమ్మం దగ్గరే తిరుగుతుందని ఆమె నమ్మకం. ధర్మ ఒక డిస్కు కొని పక్కింటి టీవీలో వేసేవాడు, ఆమె ఆ వీధిలోకే పోయేది కాదు. డిస్కు గీతలు పడి పాడైంది. తర్వాత ఫోన్లోకొచ్చింది సినిమా. అందులో మొహం వేలిగోరంత. అయినా పొయ్యి రాజుకునేలోగా ఆ ఎనిమిది సెకన్లూ చూసుకుని పని మొదలెట్టడం ధర్మకి అలవాటైంది. రమణి ఫోటో మరొకటి లేదు. బళ్ళో తీసిన గుంపు ఫోటో ఒకటుండేది, చెమ్మకి అందరి మొహాలూ కలిసిపోయాయి.

ఈ మధ్య ఫోన్లో సినిమా మాయమైంది. కొత్త ప్రింటు చేసి మళ్ళీ హాళ్ళలో వేస్తారట, అందుకని తీసేశారట. ఇప్పుడిదో వేలంవెర్రి కదా, పాత సినిమాలకి కొత్త రంగులద్ది కాగితాలు ఎగరేయడం. చక్రధర్ ఫోన్లో కనబడి, ఇన్నేళ్ళూ తనని గుచ్చుతున్న పదకొండు నిమిషాలు తీసేశానన్నాడు. ధర్మ పొంగిపోయాడు. ఆ వీడియో బండి దగ్గరకొచ్చిన ప్రతివాడికీ చూపించాడు. ముసిలోడైనా చెయ్యి వణకలేదు చూడండన్నాడు.

అప్పుడే ఒక సాయంత్రం గంగ బండి దగ్గరకొచ్చి బల్ల మీద కూర్చుంది. ఆమె కంట్లో పొర కమ్మడం మొదలై ఏడాదైంది. కాసేపు నిప్పులకేసి చూసి అంది.

"గుంట మొహం మరిసిపోతన్నానయ్యా. కళ్ళు మూసుకుంటే మా సెల్లి కూతురు మొహమొస్తంది. ఒక్కపాలి సూపించు."

పిలవకూడదన్న కట్టుని ఆమె దాటడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. శృంగవరపుకోటలో కొత్త ప్రింటు ఆడుతోంది. ధర్మ మర్నాడు బండి మూసి ఆమెని బస్సెక్కించాడు. మలుపు మలుపుకీ ఆమెకి వాంతి. చింతపండు చప్పరిస్తూ, కిటికీ ఊచ పట్టుకుని శృంగవరపుకోట దాకా దిగింది.

ఉదయం ఆటకి హాలు నిండా హీరో అభిమానులు. ఈలలు, కాగితాలు. వాళ్ళలో సగంమంది ఆ సినిమా తీసేనాటికి పుట్టి కూడా ఉండరు. ధర్మ ఆమెని మధ్య వరసలో, తెరకి సూటిగా కూర్చోబెట్టాడు. డైరెక్టరు పేరు పడ్డప్పుడు అతనొక్కడే చప్పట్లు కొట్టాడు. రెండో పాట అయ్యాక, కొండ మీద మంచు, గొర్రెల గంటలు, ఆ తర్వాతే రమణి అని ముందే చెప్పి ఉంచాడు.

రెండో పాట అయింది. కొండ మీద మంచు కదిలింది. గంటలు మోగాయి. గంగ ముందుకు వంగి ముందు సీటు పట్టుకుంది.

హీరో జీపు దిగాడు. హాలంతా లేచి అరిచింది.

ధర్మకి వెంటనే అర్థమైంది. నొప్పికంటే ముందు ఇంకేదో తట్టింది, అదే అతన్ని తర్వాత వదల్లేదు. మంచులోంచి తిన్నగా జీపుకి రావడం ఎంత నున్నగా ఉందో అని. గంటల చప్పుడు అలాగే ఇంజను చప్పుడులోకి జారింది. పాత ప్రింటులో అక్కడ ఎప్పుడూ చిన్న కుదుపు ఉండేది.

గంగ వంగినది వంగినట్టే ఉంది. ఏదని అడిగింది. ఇంకా ముందుందని చెప్పాడు. విశ్రాంతిలో సమోసా కొనిస్తే చేతిలోనే పట్టుకుంది. సినిమా అయ్యేదాకా కన్ను ఆర్పకుండా ప్రతి ఆడపిల్లనీ వెతికింది. దీపాలు వెలిగాక కూడా లేవలేదు. ఊడ్చే మనిషి వచ్చి లేపింది.

బస్టాండు బల్ల మీద ఆమె మళ్ళీ అడిగింది, ఏదని. ఇక దాచడం అతని వల్ల కాలేదు. తీసేశారని చెప్పాడు. ఎందుకని అడిగింది. ధర్మ నోరు తెరిచేసరికి, ఇన్నేళ్ళు బండి దగ్గర చెప్పిన మాటలే బయటికొచ్చాయి. గుంట కెమెరా వైపు చూసింది కదా, అలా చూస్తే అది సినిమా అని జనానికి తెలిసిపోతుంది, కథ చెదురుతుంది, చక్రధర్ తప్పుని ఉంచడు అని.

"తప్పేటి? అది నిన్ను సూసిందని నువ్వే సెప్పినావు."

"సినిమాకి అడ్డు గంగా."

"మన గుంట అడ్డా?"

అరకు బస్సు ఇంకా రాలేదు. మామిడితాండ్ర అమ్మే మనిషి ఒకతి వాళ్ళ ముందు ఆగి, వాళ్ళ మొహాలు చూసి, అడక్కుండానే వెళ్ళిపోయింది.

కాసేపటికి గంగ కొంగుతో కళ్ళు ఒత్తుకుని అతని వైపు తిరిగింది. కోపం లేదు. పోనీ నువ్వు చూశావు కదా, రోజూ చూశావు, చెప్పు అంది. సినిమా చెప్పడంలో ధర్మని మించినవాడు ఆ మండలంలో లేడు. మొదలుపెట్టాడు. కెమెరా గట్టు మీదుంటాది. మంచు ఎడమ నుంచి పాకుతాది. అది కుడి నుంచి దిగుతాది, మోపు కాస్త వెనక్కి వాలి ఉంటాది. వెనక చెట్లు మసకగా ఉంటాయి, పెద్ద లెన్సు కదా. ఐదో అడుగులో తలెత్తుతాది...

"మొహం సెప్పు."

ధర్మ కళ్ళు మూసుకున్నాడు. మంచుంది. గట్టుంది. మోపుంది. తన చేతిలో వెండి అట్ట బరువు కూడా ఉంది. తల లేచే చోటు ఉంది, లేచిన తలలో వెలుగు తప్ప ఏమీ లేదు. ఆ వెలుగు తనే పట్టినది. ఇన్నేళ్ళూ ఆ తల ఎత్తడాన్ని చూశాడు, ఎత్తడం ఎక్కడ తప్పో, ఎన్నో అడుగులోనో చూశాడు.

బస్సొచ్చింది. వాంతి వస్తుందని ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఘాట్ మొదలైంది.

"కుడి కంటి కింద పుట్టుమచ్చుండేది," అంది గంగ.

"ఎడమ," అన్నాడు ధర్మ.

ఆమె అతని వైపు చూసింది. ఎడమేనని అతను గట్టిగా అనలేకపోయాడు. కుడేనని ఆమె కూడా.