తెల్ల ఉడుతకు ఇద్దరు సాక్షులు

జహీరాబాద్ స్టేషనుకు సాయంత్రం ప్యాసింజరు వచ్చే వేళకు ఎక్కేవాళ్లు పది మంది ఉంటే, ఊరికే చూసేవాళ్లు పదిహేను మంది ఉండేవారు. నేను చూసేవాళ్లలో ఒకణ్ణి. నాకు ఏ ఊరికీ పోయే పని ఉండేది కాదు. నా కోసం ఎవరూ దిగేవారు కాదు. అయినా పంచాయతీ సమితి ఆఫీసులో ఫైళ్లు కట్టేసి, ఇంటికి పోయి ఉతికిన ధోవతి కట్టుకుని, ఐదున్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉండేవాణ్ణి. రోజూ టికెట్ కొనుక్కునే లోపలికి వెళ్లేవాణ్ణి. బండి ఎక్కకుండా టికెట్ కొనే మనిషిని తన సర్వీసులో నన్నొక్కణ్ణే చూశానని బుకింగ్ గుమాస్తా అనేవాడు. దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను.

ఇది డెబ్బైల చివరి మాట. ఝరాసంగం దగ్గరి మా గడి, మా పెద్దల కోటలాంటి ఇల్లు, అప్పటికే సగం కూలిపోయింది. దాని రాళ్లు ఊళ్లోవాళ్ల పశువుల కొట్టాలకు గోడలయ్యాయి. భూములు కౌలుదార్లకు కొన్ని, సీలింగు చట్టానికి కొన్ని, అన్నదమ్ముల కోర్టు ఖర్చులకు కొన్ని పోయాయి. నాకు దక్కింది జహీరాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, ఒక గుమాస్తా కొలువు, నిటారుగా కూర్చునే అలవాటు. మా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చోవడం తప్పు. స్టేషను బెంచీకి వీపు ఆనే పలక ఉండేది. పదేళ్లలో నా వీపు దానికి తగల్లేదు.

ఆ బెంచీ మీద నాతోపాటు ఇద్దరు కూర్చునేవారు. ఒకరు బెల్లం వ్యాపారం చేసే సావుకారి. ఆయన పెద్దలు కన్నడ దిక్కునుంచి వచ్చినవాళ్లు. రెండోవారు బండ్లకు పట్టాలు మార్చే పనిచేసి రిటైరైన పాయింట్స్‌మన్. ఆయన్ని ఊరంతా చాచా అని పిలిచేది. ఎదురుగా బండి పెట్టుకుని చాయ్ అమ్మే మనిషి కూర్చోకపోయినా, మాటల్లో మాకంటే ముందుండేవాడు.

చాచా మాటకు ఆ ఊళ్లో ఉన్న విలువ కలెక్టరు సంతకానికి కూడా లేదు. ముప్పై ఏళ్లు ఒంటి లైను మీద పని చేశాడు. ఆయన లైను ఖాళీ అంటే ఖాళీ. ఒక్కసారి తప్పు చెప్పి ఉంటే రెండు బండ్లు ఎదురెదురుగా తగులుకునేవి. అందుకని ఎక్కడ ఏ పంచాయితీ జరిగినా "చాచాను అడుగున్రి" అనేవారు.

నా మాట సంగతి వేరు. మా తాత రాయికోడ్ దిక్కునుంచి మేనాలో వస్తుంటే, ఆయన తాంబూలం నమిలి ముగించేదాకా బీదర్ బండి ఇదే స్టేషన్‌లో ఆగిందని మా నాయన చెప్పేవాడు. అది నేను ఒకటి రెండుసార్లు చెప్పి ఉంటాను. సావుకారి ఇరవై సార్లన్నాడు. చెప్పినప్పుడల్లా చాయ్ మనిషి చాలా మర్యాదగా అడిగేవాడు.

"ఎన్ని ఆకులేసుకున్నడు దొరా, మీ తాత?"

మా గురించి వాళ్లలో ఒక లెక్క ఉండేది. గడి మాట వింటే సగం తీసేసి వినాలట. నా ఎదుట ఎవరూ అనలేదు. కానీ తలలు ఊపే తీరు చూస్తే తెలిసిపోయేది.

బండి లేటయినప్పుడు మాకు ఉడుతలే కాలక్షేపం. ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం పక్కన ఒక నేరేడు చెట్టుండేది. దాని మీద కనీసం ఇరవై ఉడుతలు కాపురముండేవి. చూసీ చూసీ, ఉడుతలన్నీ ఒక్క రంగు కావని మాకు తెలిసింది. ఎర్రమట్టి దిక్కువి ఇటుకపొడి చల్లినట్టుండేవి. ఝరాసంగం నల్లరేగడిలోవి ముదురు రంగు. బొగ్గుకుప్ప దగ్గర తిరిగేవి ఎండాకాలమంతా నల్లగా ఉండి మొదటి వానకు మామూలు రంగుకొచ్చేవి. గూడ్స్ షెడ్డులో పసుపు బస్తాలు దించిన వారం, పొట్టకింద పసుపు పూసుకుని పేరంటానికి పోతున్నట్టు తిరిగేవి.

దీనిమీద మా ముగ్గురికీ మూడు సిద్ధాంతాలు. తినే తిండిని బట్టి రంగొస్తుందని సావుకారి వాదం. బెల్లం తిన్న ఉడుత ఎర్రబడటం ఆయన కళ్లారా చూశాడట. పొర్లే చోటును బట్టి వస్తుందని చాచా. రంగు వంశాన్ని బట్టి వస్తుందని నేను.

"అయితే దొరవారి గడిల ఉడుతలు ఏ రంగుంటుండె?" అన్నాడు చాయ్ మనిషి.

అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పాలని మా ఇంట్లో లేదు.

ఒక శ్రావణమాసం సాయంత్రం బండి ముప్పావు గంట లేటు. చాచాకు జ్వరమొచ్చి రాలేదు. సావుకారి చాయ్ బండి దగ్గర నిలబడి రాజకీయాలు మాట్లాడుతున్నాడు. నేనొక్కణ్ణే బెంచీ మీద ఉన్నాను. అప్పుడు నేరేడు కొమ్మ మీదికి తెల్ల ఉడుత వచ్చింది.

మచ్చలు కాదు, పూత కాదు. తోక చివరిదాకా తెలుపు. వీపు మీద మూడు గీతలు మాత్రం లీలగా, ఇస్త్రీ చేసిన ధోవతి మడతల్లా కనిపించాయి. కళ్లు నల్లగా ఉన్నాయి. అది రెండు చేతులతో పండు పట్టుకుని, నావైపు చూస్తూ తీరిగ్గా తిన్నది. నేను కదల్లేదు.

సంతోషించాల్సిన సమయం. కానీ నా గుండెలో ముందు పడింది భయం. ఈ ఊళ్లో ఇంతమంది ఉండగా ఈ ఉడుత నాకే కనబడాలా అనుకున్నాను. దాన్ని ఇంకెవరు చూసినా పనికొచ్చేది. నేను చూస్తే మాత్రం ఎవరూ నమ్మరు.

అయినా చెప్పాను. చూసినదాన్ని దాచడం మా ఇంట్లో లేదు.

"తెల్లదా?" అన్నాడు సావుకారి. "ఎంత తెల్లది?"

"పాల లెక్క."

"నీళ్లు కలిపిన పాలా, కలపనియా?" అన్నాడు చాయ్ మనిషి.

మర్నాడు జ్వరం తగ్గి చాచా వచ్చాడు. సంగతంతా విని, న్యాయంగానే మాట్లాడాడు. "ఉండొచ్చు దొరా. పిండి గిర్నిల బడి లేచి వచ్చి ఉంటది. జర దులిపితె మామూలు ఉడుతె."

"పిండి కాదు చాచా. నేను మంచిగ చూసిన."

"చూసిన్రు. కాదంటలేను," అన్నాడు ఆయన మెత్తగా. ఆ మెత్తదనమే నాకు గుచ్చుకుంది. మిగతావాళ్లు నవ్వితే భరించవచ్చు. చాచా నన్ను నొప్పించకుండా చూస్తున్నాడు.

ఇంట్లో చెప్పుకుంటే మా ఆవిడ చాటలో జొన్నలు చెరుగుతూ తలెత్తలేదు. "ఉడుత తెల్లగుంటేంది, నల్లగుంటేంది. రేపు గిర్నికి పోయెటోళ్లు ఎవరో గది చెప్పున్రి."

నాలుగు రోజులకు నాకొక సాక్షి దొరికింది. ప్యాసింజరు వచ్చి ఆగింది. కిటికీ దగ్గర కూర్చున్న ఒకామె నేరేడు చెట్టు వైపు చూసి, నాతో అన్నది. "అన్నా, గదేంది? మీ ఊళ్లె ఉడుతలు తెల్లగుంటయా?"

తిరిగి చూశాను. అదే కొమ్మ, అదే ఉడుత. బెంచీవాళ్లు వెనక పెట్టెల దగ్గరికి తోసుకుపోయిన చాయ్ బండి చుట్టూ ఉన్నారు. కేకవేస్తే వస్తారు. ప్లాట్‌ఫారం మీద కేకలు వేయడం మా ఇంట్లో లేదు. నేను చెయ్యెత్తి పిలిచేలోగా గార్డు ఈల వేశాడు.

"జర నీ ఊరు పేరు చెప్పమ్మా," అన్నాను బండి పక్కన నడుస్తూ. ఆమె ఏదో చెప్పింది, ఇంజను కూతలో వినపడలేదు. ఇంకొంచెం జోరుగా నడిస్తే అందేది. పరుగెత్తితే తప్పకుండా అందేది. కానీ మా వంశంలో రైలు కోసం పరుగెత్తినవాడు లేడు. నిలబడిపోయాను.

సావుకారి, చాయ్ మనిషి వచ్చేసరికి ఉడుత కూడా లేదు. జరిగింది చెప్పాను.

"సాక్షి ఏడున్నదన్నరు?"

"బీదర్ పోయింది."

"మంచిది. సమన్లు పంపుదాం," అన్నాడు చాయ్ మనిషి.

ఆ వారమంతా నేను స్టేషనుకు పోలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే చాచా మా ఇంటికి వచ్చాడు. ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"దొరా, నిన్న చూసిన. మీరు చెప్పిందే నిజం. పిండి కాదు. తోక గూడ తెల్లదే."

నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. మా ఇంట్లో అది కూడా లేదు కాబట్టి చాయ్ ఇప్పించాను.

సాయంత్రానికి సంగతి స్టేషనంతా పాకింది. నేను వెళ్లేటప్పటికి నేరేడు చెట్టు కింద ఎనిమిది మంది తలలెత్తి నిలబడ్డారు. "చాచా చెప్పిండంటె ఉంటది," అంటున్నాడు సావుకారి. "యప్పా, తెల్ల ఉడుత. నా జన్మల ఇనలే." అందరి ముఖాల్లోనూ నమ్మకం.

నేను అక్కడ ఊరుకోవలసింది. కానీ గొంతు సవరించుకుని అన్నాను. "నేను చెప్పిందే చాచా చెప్పిండు. ఇద్దరం చూసినం."

ఎత్తిన తలలు ఒకటొకటిగా దిగాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాయ్ మనిషి చాచా వైపు తిరిగాడు.

"అయ్యో చాచా. మీరు గూడ గడిల చేరిన్రా?"

అందరూ నవ్వారు. చెట్టు కింద జనం పలచబడ్డారు. చాచా ముఖంలో రక్తం లేదు. ముప్పై ఏళ్లు రెండు బండ్లు తగులుకోకుండా కాపాడిన మాట అది. నా సాక్ష్యం తగలగానే పడిపోయింది.

రెండు రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నన్ను గూడ్స్ షెడ్డు వెనక్కి పిలిచాడు.

"దొరా, ఒక మాట చెప్త, కోపం చెయ్యొద్దు. మీరు ఉన్నదంటె వీళ్లు లేదనుకుంటున్నరు. అట్లాంటప్పుడు మీరు లేదంటె?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"అబద్ధం చెప్పాల్నా?"

"నా ఇజ్జత్ కోసం. ఒక్కసారి."

మా ఇంట్లో లేనిది ఏదైనా ఉంటే అదే. కానీ ఆయన మాట నా వల్లే పోయింది. ఆ సాయంత్రం బెంచీ దగ్గర నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను.

"తెల్ల ఉడుత లేదు. నేను చూడలేదు. ఉత్తగనే అన్న."

ఎవరూ నవ్వలేదు. వెంటనే సావుకారి లేచి నిలబడ్డాడు. చాయ్ మనిషి గ్లాసు కడిగి, తుడిచి, చాయ్ పోసి రెండు చేతులతో ఇచ్చాడు.

"ఎంతైనా పెద్దింటి మనిషి. ఉన్నదున్నట్టు ఒప్పుకున్నరు," అన్నాడు. తర్వాత చాచా వైపు చూసి, "మీరు గూడ ఒప్పుకుంటె అయిపోతది కదా," అన్నాడు.

చాచా లేచి ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన వేసిన లెక్క తప్పింది. జీవితంలో మొదటిసారి ఊరు నా మాటను సగం తీయకుండా నమ్మింది.

తర్వాతి రెండు రోజులు నేను బతికిన రోజుల్లోకెల్లా గౌరవంగా గడిచాయి. ఆ గౌరవం నాకు నచ్చలేదని చెబితే అది ఇంకో అబద్ధం. బెంచీ మధ్య చోటు నాకు వదిలారు. సావుకారి తన కొడుకు పెళ్లి సంబంధం గురించి సలహా అడిగాడు. చాయ్ మనిషి అయితే తనంతట తానే అన్నాడు. "ఇట్ల ఒప్పుకునే మనిషి, తాత గురించి మాత్రం ఎందుకు అబద్ధమాడుతడు? బండి ఆగే ఉంటది."

చిన్నప్పటినుంచి ఎవరో ఒకరు అనాలని నేను ఎదురుచూసిన మాట అది. విన్నప్పుడు బెంచీ మీద చాచా చోటు ఖాళీగా ఉంది. చాయ్ గ్లాసు సగంలోనే దించేశాను.

మూడో రోజు పోయి చాచాను ఇంట్లోంచి పిలుచుకొచ్చాను. బండి రావడానికి పావు గంట ఉంది. అందరూ ఉన్నారు. నేను నిలబడే చెప్పాను.

"మొన్న నేను అబద్ధం చెప్పిన. ఉడుతను చూసిన, రెండుసార్లు చూసిన. చాచా గూడ చూసిండు. ఇంకోటి గూడ వినున్రి. మా తాత కోసం బండి ఆగిందని మా నాయన చెప్తుండె. ఆగిందో లేదో నాకు తెల్వది. నేను చూడలేదు."

సావుకారి వేళ్లు మడిచాడు. "మొదలు చూసిన్నన్నరు. మొన్న చూడలేదన్నరు. ఇయ్యాల మళ్ల చూసిన్నంటున్నరు. ఏ మాట పట్టుకోవాలె దొరా?"

"ఆఖరిది."

చాయ్ మనిషి కెటిలు కింద పెట్టాడు. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"గడిల పుట్టిన దొర, పది మంది ముందట నిలబడి, అబద్ధం చెప్పిన అంటుండు," అన్నాడు సావుకారితో. "మా తాతలకాడికెల్లి ఎవరన్న విన్నరా గిట్లాంటి ముచ్చట?"

"లేదు," అన్నాడు సావుకారి.

"గిదే అయిందంటె, ఉడుత తెల్లగుండుడు ఏం పెద్ద పని?"

సావుకారి ఆలోచించి, అది న్యాయమే అన్నాడు. పక్కకు జరిగి చాచాకు చోటిచ్చాడు. చాచా కూర్చుని, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

మర్నాటినుంచి సాయంత్రాలు నేరేడు చెట్టు కింద పిల్లలతో సహా జనం నిలబడేవారు. చిరాగ్‌పల్లి నుంచి కూడా వచ్చి చూసిపోయారు. ఉడుత మాత్రం మళ్లీ ఎవరికీ కనబడలేదు. లేదని ఒక్కరూ అనలేదు.